బండి వెనక బండి
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇక్కడ ఆస్ట్రేలియాలో వేసవి సెలవులంటే డిసెంబరు, జనవరి నెలలు. ఆ రోజుల్లో ఏ పెద్ద రోడ్డు మీద చూసినా కారు వెనక ఓ చిన్న ఇంటిని తగిలించుకుని పోయే కుటుంబాలే కనిపిస్తాయి. మన తెలుగువాళ్ళూ ఆ సరదాలో పడ్డారు. అందరికీ పెద్ద బండ్లుండవు గదా! సుజుకీ జిమ్నీ లాంటి బుల్లి జీపున్న ఇళ్ళలో ‘మన బండి లాగుతుందా, లాగదా?’ అని చర్చ మొదలవుతుంది. మగవాళ్ళు ఇంజను సంగతి మాట్లాడుకుంటారు. సామాను సర్దేది మనం. ప్రాణం మీదికి వచ్చేదీ రానిదీ చాలావరకు ఆ సర్దడంలోనే ఉందండీ.

ముందు బండి సంగతి. మూడు తలుపుల జిమ్నీ తూకం సుమారు 1,100 కిలోలు. బ్రేకులున్న ట్రెయిలరైతే 1,300 కిలోల దాకా, లేనిదైతే 350 కిలోల దాకా లాగవచ్చని ఇక్కడ దానికి హద్దు పెట్టారు. 750 కిలోల లోపు ట్రెయిలరుకు బ్రేకులు అక్కర్లేదని ఇక్కడి నిబంధన. అది చూసుకుని ధైర్యపడేవాళ్ళున్నారు. కానీ బండి హద్దు బండిదే. రెంటిలో ఏది తక్కువో అదే మనకు లెక్క. పోనీ, బ్రేకులున్నాయి గదా అని 1,300 కిలోలూ కట్టేస్తామా? నాకు మటుకు మనస్కరించదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతూనైనా లాగుతుంది. దిగేటప్పుడు తనకంటే బరువైనది వెనకనుంచి తోసుకొస్తుంటే ఆపడం మాటేమిటి? ఆరేడు వందల కిలోల లోపు, బ్రేకులున్న టియర్‌డ్రాప్ ట్రెయిలరు చాలు. 1930ల నాటి నుంచీ అమెరికాలో ఉన్న నమూనా అది. ఎత్తు తక్కువ కనుక గాలి అంతగా అడ్డుకోదు. లోపల పడుకోవడమే, నిలబడడానికి వీల్లేదు. వెనక తలుపెత్తి, బయట నిలబడి వంట చేసుకోవాలి. వాన వచ్చిందా, ఇక వంటావిడ పని అంతే!

ఒకే ఇరుసు, రెండు చక్రాలు. అంటే మన ఎడ్లబండేనన్నమాట. బస్తాలు వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది. మరీ ముందుకు వేస్తే మెడలు విరుగుతాయి. తోలేవాడు కాడి ఎత్తి చూసి బస్తా జరుపుతాడు. ఇక్కడ కాడికి బదులు జీపు వెనక ఇనుప గుండు, దాని మీద ట్రెయిలరు నొగ. మొత్తం బరువులో రమారమి పదోవంతు ఆ గుండు మీద పడాలి. అంటే 600 కిలోలకు 60. బాగా తక్కువైతే వేగం అందుకోగానే ట్రెయిలరు తోక ఊపడం మొదలెడుతుంది. జిమ్నీ ముందు, వెనక చక్రాల మధ్య దూరం రెండుంపావు మీటర్లే. అంత పొట్టి బండిని ఆ ఊపు ఇట్టే తిప్పేస్తుంది. పోనీ అని బరువంతా ముందుకు నెట్టినా చిక్కే. జీపు వెనక కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. గుండుకూ ఒక హద్దుంటుంది, చూసుకోవాలి. పైగా గుండు మీద పడే 60 కిలోలు జీపు మోసే బరువులో లెక్కే. జిమ్నీ మోసేది మనుషులతో సహా మూడు వందల పైచిలుకు కిలోలే మరి.

టియర్‌డ్రాప్‌తో వచ్చే తంటా ఏమిటంటే, దాని వంటిల్లు కొసాఖర్న ఉంటుంది. మనమేమో బియ్యం, పప్పులు, గ్రైండరు, ఆవకాయ జాడీ అన్నీ అక్కడే పేర్చేస్తాం! మాకు తెలిసిన ఒకావిడ బయలుదేరే ముందు, ఒళ్ళు చూసుకునే తూకం మిషను తెచ్చి నొగ కింద పెట్టింది. వాళ్ళాయన నవ్వారట. ముల్లు 22 దగ్గర ఆగింది. బియ్యం, నీళ్ళ డబ్బాలు ఇరుసుకు కాస్త ముందుగా నేల మీదికి మార్చి, గ్రైండరు ఇంట్లో దింపేశాక 55 చూపించింది. ఆయన మళ్ళీ నవ్వలేదు. మీరూ అలా తూచండి. ట్రెయిలరు బల్లపరుపుగా ఉండాలి, చక్రాలకు అడ్డం పెట్టాలి. నీళ్ళు లీటరుకు కిలో కదా, వాడేకొద్దీ లెక్క మారుతుంది. దారిలో మళ్ళీ చూసుకోవాలి.

స్టువార్ట్ హైవే మీద 53 మీటర్ల పొడవుండే రోడ్ ట్రెయిన్ లారీలు తిరుగుతాయి. అలాంటిది పక్కనుంచి పోతే గాలి ముందు తోసి, తరువాత లాగుతుంది. ట్రెయిలరు ఊగడం మొదలైతే బ్రేకు మీద తొక్కవద్దు, ‘వేగం పెంచితే సర్దుకుంటుంది’ అనే సలహా వినవద్దు. యాక్సిలరేటరు మీద కాలు తీసి, స్టీరింగు నిలకడగా పట్టుకోవాలి. ట్రెయిలరు బ్రేకులకు విడిగా చేతి మీట ఉంటే దాన్ని మెల్లగా నొక్కాలి. పక్కన కూర్చున్న మనం కేకలు వేయకుండా ఉంటే అదీ సాయమే!

బయలుదేరిన ఇరవై కిలోమీటర్లకు ఒకసారి ఆగండి. గొలుసు, దీపాలు, గుండు దగ్గర బిగింపు చూడండి. ట్రెయిలరు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకవద్దు. ఒకటి చల్లగా, ఒకటి సెగలు కక్కుతూ ఉంటే బేరింగో బ్రేకో పట్టేస్తోందన్నమాట. అది చూపించుకున్నాకే ముందుకు కదలండి.