కొత్త సింక్‌కి ఏమేం కొనాలి? నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి

పోయిన ఎపిసోడ్‌లో కొత్త సింక్ చూపించాను కదా. అది చూసి చాలామంది ఒకటే అడిగారు, "అన్నా, సింక్ ఓకే, దాంతోపాటు ఏమేం తీసుకోవాలి?" అని. ఇదే ప్రశ్న ఆర్నెల్ల క్రితం అడిగి ఉంటే మొత్తం తప్పు చెప్పేవాణ్ణి. ఎందుకో ముందు అది చెప్తా.

మా ఇల్లు ఉప్పల్‌లో. వంటింట్లో గట్టు మార్చినప్పుడు 24 బై 18 అంగుళాల స్టీల్ సింక్ పెట్టించాం. అప్పుడే నాకు బోనస్ వచ్చింది. అమ్మకి సర్‌ప్రైజ్ ఇద్దామని రాత్రి పన్నెండింటికి మంచం మీద పడుకుని ఫోన్‌లో ఒక కాంబో సెట్ ఆర్డర్ పెట్టేశా. సింక్ మీద కూర్చునే చెక్క కటింగ్ బోర్డు, లోపల అటూ ఇటూ జరిగే జల్లెడ బుట్ట, సబ్బు పంపు, చాపలా చుట్టేసే స్టీల్ ర్యాక్, లాగితే బయటికొచ్చే స్ప్రే ట్యాప్. ఫొటోలో చూస్తే స్టార్ హోటల్ కిచెన్‌లా ఉంది. అమ్మ చూసి "బాగుంది నాన్నా" అంది. అంతే, ఇంకేం అనలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, అమ్మ సింక్ కింద తలుపు తీసి బకెట్ బయటికి లాగుతోంది. సగం దాకా మురికి నీళ్లు. ఏంటమ్మా ఇది అంటే, "కారుతోందిరా, రోజూ పడుకునే ముందు పారబోస్తున్నాలే" అంది. ఎన్నాళ్ల నుంచి? సింక్ పెట్టిన రెండో వారం నుంచి! చెప్పొచ్చు కదమ్మా అంటే, "అంత ఇష్టపడి కొన్నావు, ఏం చెప్పమంటావు?" లోపల లైట్ వేసి చూశా. ప్లైవుడ్ అడుగు ఉబ్బిపోయి, వేలు పెడితే దిగిపోతోంది.

అందుకే ఇవాళ కింద నుంచి మొదలుపెడుతున్నా. డబ్బులు ముందు అక్కడ పెట్టండి.

మొదటిది వేస్ట్ కప్లింగ్. అంటే సింక్ అడుగున నీళ్లు పోయే కన్నానికి బిగించే ముక్క. నేను పైనవన్నీ ఏరికోరి కొన్నా, దీన్ని మాత్రం పట్టించుకోలేదు. దొరికిందేదో పెట్టేశారు. దాని వాషర్ సరిగ్గా కూర్చోలేదు, కారింది అక్కడే. కొనేముందు కన్నం కొలవండి. కొన్ని సింకులకి మూడున్నర అంగుళాలుంటుంది, కొన్నింటికి నాలుగున్నర. ఇంకోటి, చేత్తో పైకి తీసే జాలీ గిన్నె ఉన్నదే తీసుకోండి. మన వంటలో బియ్యం గింజలు, టీ పొడి, కరివేపాకు, ములక్కాడ పిప్పి, ఇవన్నీ అక్కడికే వస్తాయి. పైన ఊరికే పరిచే పల్చటి జాలీని నీళ్లు త్వరగా దిగాలని ఎవరో ఒకరు తీసేస్తారు. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు నేనే.

రెండోది ట్రాప్. చాలా ఇళ్లల్లో సింక్ కింద తెల్లటి ముడతల పైపు నేరుగా గోడ కన్నంలో దూర్చేసి, చుట్టూ ఉన్న సందులో పాత గుడ్డ కుక్కేస్తారు. మధ్యలో వంపు ఎక్కడా ఉండదు. ఆ వంపులో ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలబడి ఉండాలి. డ్రైనేజీ వాసనకీ బొద్దింకలకీ అడ్డుకట్ట ఆ నీళ్లే. ఇదేం కొత్త టెక్నాలజీ కాదు, 1775లోనే లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు ఇలాంటి వంపు ఉన్న టాయిలెట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. మీరు బాటిల్ ట్రాప్ పెట్టించుకోండి. కింద కప్పు మర తిప్పితే ఊడి వస్తుంది, బకెట్ పెట్టి కడిగేసుకోవచ్చు. వాష్‌బేసిన్‌కి వాడే 32 మిల్లీమీటర్లది కాదు, 40 తీసుకోండి. కాకపోతే ఒక్క మాట: బయట నేలలో ఆ లైనుకి ఇప్పటికే ట్రాప్ ఉందేమో ప్లంబర్ని అడగండి. ఒకే లైనులో రెండు పెడితే మధ్యలో గాలి ఇరుక్కుని నీళ్లు మెల్లగా దిగుతాయి. ఊరెళ్లి నెల తర్వాత వచ్చినప్పుడు వాసన వస్తే కంగారు పడకండి, ఆ నీళ్లు ఆవిరైపోయి ఉంటాయి. ఒక చెంబుడు పోస్తే సరి. అరిసెలు వేయించిన నూనె మాత్రం, దండం పెడతా, సింక్‌లో పొయ్యకండి.

ఇక పైన. స్ప్రే ట్యాప్ గురించి నిజం చెప్తా. అది పని చెయ్యాలంటే ప్రెషర్ ఉండాలి. ట్యాంకు కుళాయికి పది మీటర్ల ఎత్తులో ఉంటే దాదాపు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. మాది పై అంతస్తు, ట్యాంకు మూడు మీటర్ల ఎత్తులో కూడా లేదు. ఇంకేం స్ప్రే, వాన తుంపరలా వచ్చేది! అది తీసేసి, మెడ పొడవుగా ఉండి అటూ ఇటూ తిరిగే మామూలు ట్యాప్ పెట్టించాం. బిర్యానీ గిన్నె కింద పట్టాలి, అదొక్కటే చూడండి. మూతి దగ్గర ఏరేటర్ ఉంటే నీళ్లు చిందవు. మాది బోరు నీళ్లు కాబట్టి దానికి తెల్లగా ఉప్పు పడుతుంది. విప్పి అరగంట వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. కొత్తది కొనాల్సి వస్తే పాతది జేబులో వేసుకుని షాపుకెళ్లండి, మరలో 22, 24 అని సైజులుంటాయి.

మిగతా కాంబో ఏమైంది అంటారా? కటింగ్ బోర్డు తడికి నల్లబడింది. అమ్మ ఇప్పటికీ కత్తిపీటే వాడుతుంది. జల్లెడ బుట్ట పెడితే కుక్కర్ పట్టడం లేదు. మేం వాడేది సబ్బు బిళ్ల, పంపుతో పనేముంది? ఒక్క చుట్టే ర్యాక్ మాత్రం బతికింది. ఆకుకూర కడిగి దానిమీదే ఆరేస్తోంది. అందుకే ఏదైనా కొనేముందు, మీ ఇంట్లో అంట్లు తోమేది ఎవరో వాళ్లని అడగండి. పనికి వచ్చే అక్క అయితే ఆ అక్కనే అడగండి.

నేనూ చివరికి అడిగా, "అమ్మా, నీకేం కావాలి?" అని. రెండే చెప్పింది. తడిగుడ్డ ఆరేసుకోవడానికి ఒక కొక్కెం, సింక్ మీద ఒక లైటు. "ట్యూబ్‌లైట్ నా వెనకాల ఉంది కదరా, నిలబడితే నా నీడే గిన్నెల మీద పడుతుంది. జిడ్డు పోయిందో లేదో చెయ్యి పెట్టి తడుముకుంటున్నా." అన్నేళ్లుగా అదే వంటిల్లు, నాకెప్పుడూ తట్టలేదు.

మొన్న ఆదివారం పైన అల్మరా అడుగున చిన్న ఎల్‌ఈడీ లైటు పెట్టించా. స్విచ్ తడి చెయ్యి తగలనంత దూరంలో. ఆ రాత్రి అమ్మ కడిగి సర్దిన గిన్నెలన్నీ మళ్లీ దించి తోమింది, "ఇన్నాళ్లూ ఇందులోనా తిన్నాం!" అని తిట్టుకుంటూ.