ఆయాసపడే మనిషికి ఇంట్లో పరిచర్య

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము డాక్టరులము కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకొనేవాళ్ళము. అయినా ఈ విషయం మాట్లాడమని పెద్దలు అడగ్గానే ఒప్పుకొన్నాము. రోగి దగ్గర డాక్టరుగారు వుండేది పది నిమిషాలు. మిగిలిన రోజంతా వుండేది ఇంట్లోని తల్లి, భార్య, కోడలు, కొడుకు. వారి చేతిలోనే సగం వైద్యం వున్నది.

ఉర్దూలో దమ్ అంటే శ్వాస. దమా అనే జబ్బు పేరు దాని నుంచే వచ్చింది. తెలుగులో ఉబ్బసం అంటాము. ఊపిరి గొట్టాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ వున్న కండరం బిగుసుకొంటుంది, లోపల కఫం చేరుతుంది. దారి ఇరుకై గాలి బయటికి రావడం కష్టమవుతుంది. పిల్లికూతలు అందుకే. ఏళ్ళ తరబడి బీడీ, చుట్ట, కట్టెల పొయ్యి పొగ పీల్చినవారికి వచ్చే ఆయాసం వేరే జబ్బు, దానిని సి.ఓ.పి.డి. అంటారు. మన దూదేకుల సోదరులకు ఇంకొకటి తెలుసు. జిన్నింగు, స్పిన్నింగు మిల్లుల్లో పనిచేసేవారికి సెలవు గడిచి పనిలోకి వెళ్ళిన మొదటి రోజునే రొమ్ము పట్టేసినట్లు వుంటుంది. అది దూది ధూళి వల్ల వచ్చేది. అది కనబడితే డాక్టరుకు తాము చేసే పని ఏమిటో కూడా చెప్పవలెను.

ఇక పరిచర్య. ఆయాసం వచ్చిన మనిషిని మనవాళ్ళు మొట్టమొదట పడుకోబెడతారు. "కాస్త నడుం వాల్చండి అబ్బాజాన్" అంటారు. అది చేయరాదు. కూర్చోబెట్టాలి. ముందు ఒక బల్లగాని, ఒళ్ళో రెండు దిళ్ళుగాని పెట్టి, చేతులు వాటిమీద ఆనించి కొంచెం ముందుకు వంగి కూర్చోమనాలి. రొమ్ము కండరాలకు బలం దొరుకుతుంది. మెడ దగ్గర గుండీ విప్పాలి. కిటికీ తెరవాలి. ముక్కుతో పీల్చి, దీపం ఆరిపోకుండా కేవలం వంగేటట్లు ఊదినట్లుగా, పెదవులు సున్నా చుట్టి నిదానంగా వదలమనాలి. పక్కన ఒక్కరు కూర్చుని అదేవిధంగా చేసి చూపితే రోగికి ధైర్యం వస్తుంది. పరామర్శకు వచ్చిన పదిమంది మంచం చుట్టూ చేరితే వున్న ధైర్యం కూడా పోతుంది. పరామర్శ పుణ్యమే గాని వరండాలో నుంచి కూడా చేయవచ్చును.

రోగి గదిలో లోబాన్ పొగ వేయరాదు. ఊదుబత్తి, దోమల చుట్ట, ఘాటైన అత్తరు కూడా వద్దు. ఇది ఇంగ్లీషు వైద్యులు కొత్తగా కనిపెట్టిన మాట కాదు. వెయ్యేళ్ళకు పూర్వమే హకీం రాజీ, తన స్నేహితునికి వసంతకాలంలో గులాబీ వాసనకు జలుబు ఎందుకు పట్టుకొంటుందో వివరించి వ్రాసినాడు. ఆవిరి పట్టడం వల్ల కూడా ఉబ్బసానికి లాభం లేదు. వేడినీళ్ళ గిన్నె ఒలికి పిల్లలు కాలడం మాత్రం జరుగుతూనే వుంది.

ఇన్‌హేలరంటే మనవారికి చాలా భయం. "అది ఆఖరి మందు, ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది" అని మాత్రలు మింగిస్తారు. లెక్క చెప్పడం మా వృత్తి గనుక ఒక లెక్క చెబుతాము. సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందు వుంటుంది. ఇన్‌హేలరు ఒక్క పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్ర మందు 40 పఫ్‌లతో సమానం! అదీ ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరవలెను. పఫ్ నేరుగా చేరవలసిన చోటికే చేరుతుంది. అయితే ఈ మందు అప్పటికి ఉపశమనం ఇచ్చేది మాత్రమే. వాపును అణచేది డాక్టరు రోజూ వాడమని ఇచ్చే రెండవ ఇన్‌హేలరు. "ఇప్పుడు బాగుంది గదా" అని దాన్ని మానరాదు. అది తీసుకొన్న తర్వాత నోరు పుక్కిలించాలి.

పిల్లలకూ వృద్ధులకూ పఫ్ నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరదు. స్పేసరు అనే గొట్టం వుంటే సుళువు. కొనలేనివారికి అర లీటరు ప్లాస్టిక్ బాటిలు చాలును. అడుగున ఇన్‌హేలరు మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ గాలి పోకుండా అంటించి, బాటిలు మూతిని నోట పెట్టుకోవాలి. ఇది కేవలం పేదవాడి సర్దుబాటు కాదు. దక్షిణ ఆఫ్రికాలో డాక్టర్లు పిల్లల మీద పరీక్షించి, కొన్న స్పేసరుతో సమానంగా పనిచేస్తుందని 1999లో ప్రకటించినారు. ఒక్కొక్క పఫ్ వేసి నాలుగుసార్లు ఊపిరి తీయించాలి. అలా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలు చూచి, తగ్గకపోతే మళ్ళీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోను చేయాలి, ఆంబులెన్సు వచ్చేదాకా పఫ్‌లు ఆపరాదు.

ఇప్పుడు చెప్పేది తల్లులు ప్రత్యేకంగా వినాలి. రాత్రంతా పిల్లికూతలతో ఆయాసపడిన మనిషికి తెల్లవారుజామున చప్పుడు ఆగిపోతుంది, కళ్ళు మూతలు పడతాయి. "అల్‌హందులిల్లాహ్, నిద్రపట్టింది" అని ఇంట్లోవారు దీపం ఆర్పి పడుకొంటారు. ఒక్కోసారి అది నిద్ర కాదు. గాలి కదలిక అంతగా తగ్గిపోయింది గనుకనే చప్పుడు లేదు. శరీరం అలసి ఓడిపోతున్నది. తట్టి పిలిచి చూడాలి. మాట తడబడినా, పెదవులు నీలిబడినా, ఒక వాక్యం పూర్తి చేయలేకపోయినా క్షణం ఆలస్యం పనికిరాదు. నిద్రమాత్ర పొరపాటున కూడా ఇవ్వరాదు. పసిపిల్లలకు గడియారం పెట్టుకొని నిమిషం పాటు ఊపిరి లెక్కించాలి. రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళలోపు బిడ్డకు 40, అంతకు చేరితే న్యుమోనియా అని అనుమానించాలి. పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతుంటే ఇక లెక్క కూడా అక్కరలేదు, ఆస్పత్రికే.

కరోనా తర్వాత చాలా ఇండ్లలో వ్రేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు వున్నది. ముదురు మెహందీ పెట్టిన వ్రేలికి తగిలిస్తే అంకె తప్పు రావచ్చు, మరో వ్రేలు చూడండి. ఇంట్లో ఆక్సిజన్ వాడుకొనే సి.ఓ.పి.డి. రోగికి అంకె సాధారణంగా 88 నుంచి 92 మధ్య వుంటే చాలంటారు. ఎక్కువ పెడితే మంచిదని మనమే మీట తిప్పితే ప్రమాదం. ఆ గదిలో అగ్గిపుల్ల గీయరాదు, బీడీ ముట్టించరాదు.

రమజానులో పఫ్ తీసుకొంటే రోజా నిలుస్తుందా అని అడుగుతారు. దీనిపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలు వున్నవి. రెండవ ఇన్‌హేలరును సహరీకి, ఇఫ్తారుకు సర్దవచ్చునేమో నెల ముందే డాక్టరును అడగండి. కాని ఆయాసం వచ్చినప్పుడు మగ్రిబ్ దాకా ఓర్చుకొంటానని పంతం పట్టడానికి వీల్లేదు. రోగికి రోజా సడలింపు ఖురానులోనే వున్నది.

సభ ముగిసిన తర్వాత వరండాలో బాటిలుతో స్పేసరు చేసి చూపుతాము. ఇంట్లో దమా రోగి వున్నవారు తమ ఇన్‌హేలరుతో రండి. ఖాళీ బాటిళ్ళు మా బడి పిల్లలు కడిగి ఆరబెట్టి తెచ్చినారు.