కెరటాన్ని నిలిపిన కళ

(ఉపన్యాస పాఠం)



మల్లట్ గ్రామానికి సముద్రం తూర్పునా దూరమే, పడమరా దూరమే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ రాయచూరు సీమలో పెరిగే బాలునికి సముద్ర తరంగం మొట్టమొదట ఎదురయ్యేది తీరాన కాదు, పటంలో. గోడమీది క్యాలెండరులోనో, పాఠ్యపుస్తకంలోనో, నేడైతే చేతిలోని ఫోనులోనో దానిని చూస్తాడు. కనుక ఆ పటాన్ని తీసినవారి పనితనమెట్టిది, అందులో నిజమెంత అని విచారించడం ఇక్కడి విద్యార్థికి అప్రస్తుతం కాదు. పైగా తుంగభద్ర ఎడమగట్టు కాలువ నీరు ఈ జిల్లా పొలాలకు అందిన తరువాత కోస్తా జిల్లాల నుండి తరలివచ్చి క్యాంపులలో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పెద్దలకు జ్ఞాపకంగా ఉన్న సముద్రమే మనుమలకు పటంగా అందుతున్నది.

తరంగాన్ని నిశితంగా చూచిన చూపు భాషలో ముందే ఉంది. అల, కెరటం, తరగ, కరడు అని తెలుగువారు దానిని పలువిధాల పిలుచుకొన్నారు. అమరకోశం తరంగానికి భంగం, ఊర్మి, వీచి అనే పర్యాయపదాలు చెప్పి, పెద్ద అలలకు ఉల్లోలం, కల్లోలం అని వేరుగా పేర్లు పెట్టింది. వీనిలో భంగమనే మాట గమనింపదగినది. భంగమంటే విరుగుట. విరిగే క్షణంలోనే అల సంపూర్ణంగా తన రూపం చూపుతుంది. తరువాతి కాలంలో ఛాయాగ్రాహకులు వెంబడించినది ఆ క్షణాన్నే.

అలలో దూరం ప్రయాణించేది నీరు కాదు, కదలిక. గాలి వీచినప్పుడు వరిచేను ఈ గట్టునుండి ఆ గట్టుదాకా అలలు అలలుగా సాగుతుంది; కాని ఏ దుబ్బూ తన మొదలు విడిచి పోదు. నడిసముద్రంలో నీటి కణాలు కూడా దాదాపుగా ఉన్నచోటనే వలయాలుగా తిరుగుతూ ఉంటాయి. తీరం దగ్గరపడి లోతు తగ్గేకొద్దీ అల వేగం తగ్గుతుంది, ఎత్తు పెరుగుతుంది. లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు దిగేసరికి శిఖరం అడుగు భాగాన్ని మించి ముందుకు తూలి, విరిగి, నురగ అవుతుంది. నురగలోని అసంఖ్యాకమైన గాలి బుడగలు వెలుగును అన్ని దిక్కులకూ చెదరగొట్టడం చేతనే అది తెల్లగా కనిపిస్తుంది.

ఈ చంచల రూపాన్ని పట్టడం తొలినాటి కెమెరాలకు దుస్సాధ్యమైన పని. పలకమీద బొమ్మ పడడానికి చాలా సేపు పట్టేది; ఆలోగా కదిలినదంతా పొగవలె అలుక్కుపోయేది. వేల్స్ దేశస్థుడు జాన్ డిల్విన్ లెవెలిన్ 1850ల తొలినాళ్లలో కాస్వెల్ అఖాతపు ఒడ్డున విరిగే అలలను పలకమీదికి తేగలిగాడు. కదలికను చూపిన అతని చిత్రాలకు 1855 పారిస్ ప్రదర్శనలో రజత పతకం లభించింది.

ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1857లో సెట్ అనే రేవు పట్టణం వద్ద తీసిన మహాతరంగ చిత్రం జగత్ప్రసిద్ధం. అతనికి ఎదురైన చిక్కు వేరు. ఆనాటి పలకకు నీలి వెలుగు అతిగా సోకేది. సముద్రానికి చాలినంత వెలుగు ఇస్తే ఆకాశం వెలవెలబోయి తెల్లకాగితం అయ్యేది. ఆకాశానికి సరిచేస్తే సముద్రం చీకటిపడేది. అందుచేత అతడు ఆకాశాన్ని ఒక పలకమీద, సముద్రాన్ని మరొక పలకమీద తీసి, రెండింటినీ దిగంత రేఖవద్ద అతికి ఒకే పటంగా ముద్రించాడు. ఆ చిత్రపు ప్రతి ఒకటి 1999లో లండన్ వేలంలో 5 లక్షల పౌండ్లకు పైగా పలికింది.

సరిగా ఇక్కడే ఒక ధర్మసందేహం తలెత్తుతుంది. రెండు వేళల వెలుగును ఒక చోట చేర్చిన పటం సత్యమా, కల్పనా? లె గ్రే తీరాన నిలబడి కంటితో చూచినది ఆకాశం, సముద్రం రెండూ గల దృశ్యమే. పలకకు లేని శక్తిని అతడు నేర్పుతో పూరించాడు. చూచినదానిని చూపడానికి చేసిన కూర్పు అది. చూడనిదానిని చూచినట్లు నమ్మించడానికి చేసే కూర్పు వేరు. నేడు కంప్యూటరు క్షణంలో లేని కెరటాన్ని కల్పించగలదు కనుక ఈ భేదం ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండవలసినది.

తరువాతివారిలో అమెరికన్ ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1940లో కాలిఫోర్నియా తీరాన ఎత్తైన చోటినుండి క్రిందికి చూస్తూ, ఇసుకమీదికి వచ్చి మరలే నురగను ఐదు చిత్రాల వరుసగా తీశాడు. ఒక్క పటానికి లొంగని కాలగమనం ఆ వరుసలో పలికింది. జపాను దేశీయుడు హిరోషి సుగిమోతో 1980 నుండి నానా సముద్రాలనూ ఒకే తీరున, సగం నీరు సగం నింగిగా చిత్రిస్తూ వచ్చాడు. ఒకరు కదలికను చూపితే మరొకరు నిశ్చలతను చూపారు. ఉభయులకూ సాధనం ఒక్కటే: కెమెరా రెప్ప ఎంతసేపు తెరచి ఉండాలనే నిర్ణయం. సెకనులో వెయ్యోవంతు తెరిస్తే ప్రతి తుంపరా ముత్యంగా నిలుస్తుంది. ఒకటి రెండు సెకనులు తెరిస్తే అల పట్టువస్త్రమవుతుంది. నిమిషాలు తెరిస్తే సముద్రమే పొగమంచవుతుంది.

తెలుగు తీరానికి ప్రకృతి ఒక సౌలభ్యం ప్రసాదించింది. విశాఖపట్నం, భీమునిపట్నం ఒడ్డున సూర్యుడు సముద్రం వైపునుండి ఉదయిస్తాడు. ప్రభాతవేళ ఒడ్డున నిలిచినవానికి వెలుగు అల వెనుకనుండి వస్తుంది. పలుచని శిఖరం గుండా దూసుకువచ్చి దానిని పచ్చని గాజువలె వెలిగిస్తుంది. సాయంకాలం అదే అల ఎదురు వెలుగులో బరువుగా, మసకగా ఉంటుంది. గోవా, కార్వార్ తీరాలలో ఈ క్రమం తారుమారు. వేళ ఎరిగి, వెలుగు దిక్కు ఎరిగి, ఓపికతో నిలబడడమే ఈ కళలో సగపాలు. తక్కిన సగం ఉప్పు తుంపర నుండి కటకాన్ని కాపాడుకొనడం, తెల్లని నురగ మితిమీరిన వెలుగులో మాడిపోకుండా చూచుకొనడం.

అయినా అల అందమే సర్వస్వమనుకోరాదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఆంధ్ర తీరాన్ని కూడా తాకింది. ఒకటి తుపాను గాలి నెట్టుకువచ్చిన నీటి పోటు. మరొకటి సముద్ర గర్భంలో భూమి కదలగా పుట్టినది. ఆ రోజులనాటి ఛాయాచిత్రాలలో మహాతరంగాల సొగసు వెదకడం తగదు. ఒరిగిన తాడిచెట్లు, కొట్టుకుపోయిన ఊళ్లు, నిలువనీడ లేని మనుషులు – ఇవే వాటిలో చూడవలసినవి. ఆ ఆపద ఎరిగిన వృద్ధుడు కెరటపు పటాన్ని చూచే తీరు, సముద్రమెరుగని బాలుడు చూచే తీరు ఒకటి కావు. రెండు చూపులనూ మన్నించిన చిత్రకారుడే పెద్దవాడు.

బాలబాలికలు ఈ విద్య అభ్యసించడానికి సముద్రం దాకా పోనక్కరలేదు. గాలికి ఊగే వరిచేను ఉంది, కాలువ తూము దగ్గర సుడి తిరిగే నీరు ఉంది, వానకాలపు చెరువు ఉంది. ఒకే చేనును ఉదయం, మధ్యాహ్నం, సంజవేళ గమనించి, వెలుగు ఎటునుండి వచ్చిందో, ఏ రూపం తెచ్చిందో పుస్తకంలో వ్రాసుకొంటే చాలు. కెమెరా తరువాత దొరకవచ్చు. ఈ నేలమీద పారే నీరు తుంగభద్రలోనో కృష్ణలోనో కలిసి, హంసలదీవి చెంత బంగాళాఖాతాన్ని చేరే నదీ మార్గంలోనిదే. చేనులోని అలను శ్రద్ధగా చూడ నేర్చిన కన్ను, ఏనాడో ఒకనాడు తీరాన నిలిచినప్పుడు, కడలిలోని అలను అపరిచితంగా చూడదు.

విద్యాలయం చూపును దిద్దుతుంది.