పిన్నీసు పెట్టుకున్న రైతు స్త్రీ
(స్వర్ణోత్సవ సభలో డ్రాయింగ్ మాస్టారి ప్రసంగం)

నా కంటికి ఇంకా నిక్కర్లు, పరికిణీల్లోనే కనిపిస్తున్న మీ అందరికీ ఆశీస్సులు. ఐదు నిమిషాలే ఇచ్చారు కనుక ఒక్క బొమ్మ గురించి చెబుతాను.

1952లో మెక్సికో నగరంలో ఎలిజబెత్ క్యాట్లెట్ అనే ఆవిడ చెక్కి అచ్చు వేసిన బొమ్మ ఇది. పేరు 'షేర్‌క్రాపర్'. అంటే పంటలో వాటాకు ఒప్పుకుని ఇంకొకరి పొలం చేసే మనిషి. చెక్క మీద కాకుండా, నేల మీద పరిచే లినోలియం మీద చెక్కారు. ఉలి తీసేసిన చోటు తెల్లగా వస్తుంది, వదిలేసిన చోట సిరా అంటుతుంది. చెయ్యి జారితే రబ్బరు పెట్టి చెరపడానికి లేదు.

బొమ్మలో అమెరికా నల్లజాతి రైతు స్త్రీ. వెడల్పాటి గడ్డి టోపీ. ఆ గడ్డి అల్లికంతా సన్నటి ఉలి గీతలే. పైచొక్కాకు గుండీ లేదు, పిన్నీసు పెట్టుకుంది. మన అమ్మలు పెట్టుకునే పిన్నీసే! కానీ ఎక్కడా జాలి గొలిపేటట్టు లేదు. మనం తలెత్తి చూడాల్సినట్టుగా గీశారు ఆమెను.

క్యాట్లెట్ 1915లో వాషింగ్టన్‌లో పుట్టారు. తాతలు, అమ్మమ్మలు బానిసత్వం చూసినవాళ్లు. న్యూ ఆర్లీన్స్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో అక్కడి మ్యూజియం ఉన్న పార్కులోకి నల్లవాళ్లకు ప్రవేశం లేదు. లోపల పికాసో ప్రదర్శన! ఆవిడ ఊరుకోలేదు. మ్యూజియం మూసి ఉండే రోజున అనుమతి సంపాదించి, పిల్లల్ని బస్సులో సరాసరి గుమ్మం దాకా తీసుకెళ్లి చూపించారు. టీచరంటే ఆవిడ.

1946లో మెక్సికో వెళ్లి 'తాయెర్ దె గ్రాఫికా పొపులార్' అనే అచ్చు కార్ఖానాలో చేరారు. 1937లో పెట్టిన ఆ కార్ఖానా బొమ్మలకు మ్యూజియంతో పనిలేదు. చవక కాగితం మీద అచ్చయి వీధి గోడలెక్కేవి.

ఇక నా సంగతి. పరీక్షలొస్తున్నాయంటే నా డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కలకు ఎన్నిసార్లు వదిలేశానో లెక్క లేదు. ఎవరూ బలవంతపెట్టలేదు, నేనే ఇచ్చేశాను. ఆ వెనక బెంచీల్లో బొమ్మలు తప్ప మరేమీ పట్టని పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ఇవాళ వాళ్లు ఈ సభకు రాలేదు.

జూబిలీ నిధితో కంప్యూటర్ గది కడతామన్నారు, సంతోషం. దాని పక్కన ఒక బల్ల, రెండు రోలర్లు, డజను ఉలులు, కొంచెం లినోలియం కూడా కొనండి. వారానికి రెండు రోజులు నేనే వచ్చి నేర్పుతాను. జీతం వద్దు. పీరియడ్ మాత్రం ఈసారి ఎవరడిగినా ఇవ్వను.