రోజుకొక్క కాగితం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ యజమాని దయాభిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చింది. డి.ఎస్. నకారా గారు రిటైరయింది 1972లో. విశ్రాంత జీవితంలో ఆయన తలపెట్టిన పని ఫలం ఎందరికో అందింది. మనకూ ముందుచూపుతో చేయవలసిన పనులున్నాయి.

గుమాస్తాగా నేను నేర్చిన పాఠం ఒక్కటే. హడావుడిగా కదిలిన ఫైలు కొర్రీతో తిరిగి వస్తుంది. నిదానంగా చూసినది ఒక్కసారికే తేలుతుంది.

ఇప్పుడు మన ముందున్న ఫైలు మన ఇల్లే. మన తరువాత భార్యకో, భర్తకో ఫ్యామిలీ పెన్షన్ రావాలంటే పి.పి.ఓ.లోని పేరు, పుట్టినతేదీ ఆధార్‌తోను, బ్యాంకు పుస్తకంతోను సరిపోవాలి. తేడా ఉంటే, దుఃఖంలో ఉన్న మనిషి ఆఫీసుల చుట్టూ తిరగవలసి రావచ్చు. మనముండగా మన సంతకంతో సవరించుకోవడం సులువు.

అందుకని నేను రోజుకొక్క పనే పెట్టుకున్నాను. ఒకనాడు పి.పి.ఓ. నకలు, మరొకనాడు బ్యాంకు నామినేషన్. అన్నీ ఒక ఫైలులో కట్టి, పైన పట్టిక వ్రాశాను. మా ఇంటావిడను ప్రక్కన కూర్చోబెట్టుకుని ఏ కాగితం దేనికో చెప్పాను.

"ఇప్పుడెందుకండీ ఈ మాటలు?" అంది.

"ఇప్పుడైతేనే కాఫీ త్రాగుతూ చెప్పుకోవచ్చు" అన్నాను.

ఈనాడు ఏ కాగితం కావలసినా నాకన్నా ముందు ఆవిడే తీస్తోంది.

మిత్రులారా, వయసు మీరిందని తొందరపడవద్దు. తిరిగి చేయనక్కరలేకుండా, ఒక్కొక్కటిగా చేద్దాము. రేపు ఉదయం మొదటి కాగితం తీయండి.

సెలవు.