కొత్త ఊరు, కొత్త బస్సు

ఉద్యోగానికో చదువుకో కర్నూలుకు కొత్తగా వచ్చినవాళ్లు రాజవిహార్ సెంటర్‌లో నిలబడితే ఏ బండి ఎటు పోతుందో ఒక పట్టాన అంతుపట్టదు. కడప ఏడు రోడ్ల కూడలిలోనూ అంతే. మన దగ్గర సిటీ బస్సులు హైదరాబాదులో మాదిరి వెంటవెంటనే రావు. చాలామందికి పల్లెవెలుగే సిటీ బస్సు! ఈలోగా షేర్ ఆటోవాళ్లు పిలుస్తూనే ఉంటారు. పొద్దుగూకాక ఒంటరిగా పోయే ఆడపిల్లలు కాస్సేపు ఆగి బస్సెక్కడమే మేలని నేనంటాను. బస్సులో అడగడానికి కండక్టరుంటారు, పక్కన నలుగురుంటారు.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొట్టిస్తారు. డబ్బులు లేవు కదా, టికెట్టెందుకని ఊరుకోవద్దు. సంచి మరిచిపోయినా, ఎవరిమీదైనా ఫిర్యాదు చేయాల్సివచ్చినా మీరు ఎక్కిన బస్సుకు ఆ చీటీయే ఆధారం.

దిగాల్సిన స్టాపు పేరు కండక్టరుకు ముందే చెప్పి, ముందువైపు ఆడవాళ్ల సీట్లలో కూర్చోండి. ఎవరైనా ఇబ్బంది పెడితే మొహమాటపడకుండా గట్టిగా అరవండి. పోలీసుల శక్తి యాప్‌లో ఆపద బటన్ ఉంది. యాప్ లేకపోతే 112కు, మహిళల సహాయానికి 181కి ఫోన్ చేయండి.