తాళ్లు లేని తెప్ప

చిత్రకళలో పట్టాలు పుచ్చుకుంటున్న మీతో నాకు పనుంది. నేరుగా అందులోకే వస్తాను.

ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక పాఠ్యపుస్తకానికి జాలరిపేట బొమ్మ వేశాను. పేటకు వెళ్లలేదు, ఇంకో పుస్తకంలోది చూసి దించాను. అచ్చయ్యాక భీమిలి ఒడ్డున ఒక ముసలాయన దాన్ని చేతిలోకి తీసుకుని, "ఈ తెప్పకి తాళ్లేవి బాబూ? నీళ్లలో దించితే దుంగకో దారి పోద్ది" అన్నాడు. అప్పటికే ఆ పుస్తకం బడిపిల్లల చేతుల్లో ఉంది.

ఆ మాటే నన్ను ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడల్లోని చిత్రకారుల దగ్గరికి తీసుకెళ్లింది. మొదటి యాత్రలో, 1769లో తాహితీ దీవి చేరిన కొద్దిరోజులకే మనుషుల్నీ ఊళ్లనీ గీయాల్సిన బుకాన్ చనిపోయాడు. మొక్కల బొమ్మలకని వచ్చిన సిడ్నీ పార్కిన్సన్ మీద ఆ పనీ పడింది. కాగితం మీద వేసిన రంగును వేసినట్టే ఈగలు తినేసేవి. దోమతెర కట్టుకుని గీశాడు. పాతికేళ్లు దాటీ దాటకముందే, 1771లో, తిరుగు ప్రయాణంలో సముద్రం మీదే పోయాడు.

రెండో యాత్రలో విలియం హాడ్జెస్ వెళ్లాడు. అతను గీసిన, టోంగాలోని ఎవువా దీవిలో కుక్ దిగిన దృశ్యం లండన్‌లో రాగిరేకు మీదికి ఎక్కి అచ్చయ్యేసరికి, దీవి జనం గ్రీకు శిల్పాల్లా, ఒళ్లంతా జారే వస్త్రాలతో తేలారు. అదే ఓడలో వెళ్లొచ్చిన జార్జ్ ఫార్‌స్టర్ 1777లో తన పుస్తకంలోనే దాన్ని తప్పుపట్టాడు. రేకు చెక్కినవాడు ఆ దీవి ముఖం ఎరగడు. అతని పనితనంలో లోటేమీ లేదు, నా తెప్పలోనూ గీత బాగానే ఉంది!

నిన్న మీ ప్రదర్శన చూశాను. ఎన్ని జాలరి బొమ్మలో! వల పట్టుకున్న చేతులు ఎంత బాగా వేశారో! ఒక్క వలకైనా ముడి సరిగ్గా లేదు. ఫోన్‌లో వెతికి దించారు కదూ? చేతులు బంగారంలాంటివి పెట్టుకుని కళ్లు అరువు తెచ్చుకుంటారెందుకర్రా? ఇక్కణ్నుంచి సముద్రం ఎంత దూరం? బస్సెక్కండి. ఒక పూట అక్కడ కూర్చోండి. గీసింది వాళ్లకే చూపించండి, తప్పుంటే చెబుతారు.

తన కళ్లతోనే చూసి గీసినవాడు ఒకడు కుక్ మొదటి యాత్ర ఓడ ఎండీవర్‌లో ఉన్నాడు, రయాటియా దీవివాడు తుపాయా. పూజారి, సముద్రపు దారులు తెలిసినవాడు. ఒక మావోరీ మనిషి పెద్ద రొయ్య ఇచ్చి ఇంగ్లీషువాడి దగ్గర గుడ్డ తీసుకుంటున్న బొమ్మ అతను వేసిందే. అది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. వేసింది తుపాయా అని పండితులు గుర్తించింది 1997లో.